ఎక్కడ ఉన్నది అక్కడే

మా పిన్ని కూతురు ఒక చిన్న ఏజెన్సీలో పని చేస్తుంది. బ్యాంకులు వేలానికి పెట్టిన ఇళ్ళకి కొనేవాళ్ళని వెతికిపెట్టడం ఆ ఏజెన్సీ పని. అందులో నువ్వేం చేస్తావే అని అడిగితే "తాళం తియ్యడం, ఫొటోలు తియ్యడం, తాళం వెయ్యడం" అంటుంది. అడ్రసు రాసిన కాగితం, తాళంచెవి, ఫోను, ఒక స్కూటీ. జీతం తక్కువ. ఇల్లు అమ్ముడుపోతే కొంత ఇన్సెంటివ్.

మొన్న జనవరిలో తనని శంషాబాద్ దాటాక, పాలమాకుల వైపు ఒక అపార్ట్‌మెంటుకి పంపారు. లిఫ్టు కోసం గుంత తవ్వారు గానీ లిఫ్టు పెట్టలేదు. మూడో అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాటు. కాగితంలో "ఖాళీ" అని ఉంది. మెట్లెక్కి చూస్తే తలుపుకి తాళం లేదు. గుమ్మం పక్కన రెండు జతల పెద్దవాళ్ళ చెప్పులు, ఒక జత స్కూలు బూట్లు ఉన్నాయి. తలుపు కొట్టాలా, దిగి వెళ్ళిపోవాలా అని తను ఆలోచిస్తుండగానే తలుపు తెరుచుకుంది. ఎదురుగా నలభై ఏళ్ళ ఆవిడ. చేతిలో చాకు.

"నువ్వెవరు బిడ్డా? బ్యాంకోళ్ళ తాన్నించి వచ్చినవా?"

"ఆవిడ టమాటాలు కోస్తోందక్కా. అది నాకు కాసేపటికి గానీ తెలీలేదు. అంతసేపూ నేను ఆ చాకునే చూస్తున్నా, ఆవిడ నా చేతిలో ఫైలునే చూస్తోంది. ఇద్దరికీ చెమటలు పట్టాయి" అని ఆ రాత్రి ఫోన్లో చెప్పింది. చివర్లో నవ్వుతూనే అడిగింది: "ఇంతకీ మా ఇద్దర్లో ఎవరు ఎవరికి భయపడాలక్కా?"

నేను అప్పటికి "ఇంకెప్పుడూ ఒక్కదానివే వెళ్ళకు" అని పెద్దరికంగా ఒక మాట అనేసి ఫోన్ పెట్టేశాను. కానీ తను అడిగింది జాగ్రత్తల గురించి కాదు. ఆ గుమ్మంలో నిలబడే హక్కు ఎవరిది అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో కింద చెప్తాను, అందులో నా వాటా కూడా ఉంది.

*

ముందు ఆ ఇల్లు ఎవరిదో చూద్దాం.

అప్పు కట్టని ఇంటిని బ్యాంకు కోర్టుకి వెళ్ళకుండా తానే తీసుకునే వీలు మన దగ్గర 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టంతో కలిగింది. వాయిదాలు తొంభై రోజులు దాటి ఆగిపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత 13(2) సెక్షన్ కింద నోటీసు, అప్పు మొత్తం కట్టడానికి అరవై రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

ఈ స్వాధీనం వాడుకలో రెండు రకాలు. మొదటిది సింబాలిక్ పొజెషన్. బ్యాంకు తరఫు ఆఫీసరు తలుపుకి ఒక ప్రకటన అతికిస్తాడు, రెండు పేపర్లలో వేయిస్తాడు, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. మనం పేపర్లో సినిమా పేజీకోసం తిప్పుతూ దాటేసే ఆ సన్న అక్షరాల గళ్ళు అవే. రెండోది ఫిజికల్ పొజెషన్. లోపల ఉన్నవాళ్ళు ఖాళీ చెయ్యకపోతే బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టుకుని, పోలీసుల సాయంతో తాళం వేసుకోవాలి. మొదటిదానికి ఒక పూట చాలు. రెండోదానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. మా చెల్లి మెట్లెక్కింది ఆ రెండింటి మధ్య కాలంలో. కాగితం మీద ఇల్లు అప్పటికే బ్యాంకుది, పొయ్యి మీద మాత్రం ఇంకెవరిదో కూర ఉడుకుతోంది.

ఆశ్చర్యంగా ఈ రెండు రకాల స్వాధీనం గురించి రెండు వందల ఏళ్ళ కిందటే బుర్ర బద్దలు కొట్టుకున్నవాడు ఇమాన్యుయేల్ కాంట్. 1797లో రాసిన న్యాయసిద్ధాంతంలో ఆయన ఒక ఆపిల్ పండు ఉదాహరణ ఇస్తాడు. పండు నా చేతిలో ఉంది కాబట్టి నాది అనడంలో విశేషం లేదు. దాన్ని లాక్కుంటే నా ఒంటి మీద చెయ్యి వేసినట్టే. అసలు "నాది" అన్న మాటకి అర్థం వచ్చేది పండుని కింద పెట్టి నేను అవతలికి వెళ్ళిపోయాక కూడా అది నాదిగా ఉన్నప్పుడు. కంటికి కనిపించే స్వాధీనం ఒకటి, బుద్ధికి మాత్రమే అందే స్వాధీనం ఒకటి. ఆస్తి అనేది రెండోది.

ఇంతవరకూ కాంట్ బ్యాంకు మేనేజరు పక్షమే అనిపిస్తుంది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. నేను లేని చోట కూడా ఇది నాది అనడమంటే, ప్రపంచంలో మిగతా అందరి మీదా ఒక బరువు మోపడం. దాన్ని ముట్టుకోకూడదని వాళ్ళకి ఆజ్ఞ ఇవ్వడం. నా ఒక్కడి ఇష్టంతో అందరి మీదా అలా బరువు మోపే అధికారం నాకెక్కడిది? అందరి ఉమ్మడి సమ్మతి మీద నడిచే ఒక పౌర వ్యవస్థ ఉండి, నేను వాళ్ళవి ముట్టుకోనన్న హామీ వాళ్ళకీ దొరికితేనే ఆ అధికారం నిలుస్తుంది. అంతదాకా ఏ ఆస్తయినా తాత్కాలికమే అంటాడు.

అంటే ఎక్కడో ఉండి "నాది" అనేవాడి హక్కుకి పునాది ఆ చోట ఉన్నవాళ్ళకి దొరికే రక్షణే. ఆ గుమ్మానికి ఇటు నిలబడ్డ ఏజెంటుకీ, అటు నిలబడ్డ ఆవిడకీ ఏ హామీ లేనప్పుడు కాగితం మీది స్వాధీనం నైతికంగా సగం గాల్లో ఉన్నట్టే. నాకు కాంట్‌లో పనికొచ్చింది ఈ ముక్క.

*

ఇప్పుడు లోపల ఉన్నది ఎవరో చూద్దాం.

అమెరికా వార్తల్లో ఇలాంటివాళ్ళని స్క్వాటర్లు అంటారు. మన దగ్గర ఠక్కున వచ్చే మాట కబ్జా. ఉర్దూలో కబ్జా అంటే ఉత్త స్వాధీనం, అంతకంటే చెడ్డ అర్థమేం లేదు. హైదరాబాద్‌లో భూముల ధరలు పెరిగే కొద్దీ ఆ మాట బూతు అయింది. ఇప్పుడు కబ్జా అనగానే తెల్ల స్కార్పియో, నలుగురు మనుషులు, రాత్రికి రాత్రి లేచే ప్రహరీ గుర్తొస్తాయి. అలాంటివాళ్ళు లేరని కాదు. వాళ్ళ కోసమే ఉమ్మడి రాష్ట్రం 1982లోనే భూకబ్జా నిరోధక చట్టం తెచ్చుకుంది. కానీ వేలానికొచ్చిన ఇంట్లో ఉండేవాళ్ళు చాలావరకు ఆ మనుషులు కాదని మా చెల్లి రెండేళ్ళ అనుభవం చెప్తోంది. అప్పు తీసుకున్న ఓనరే కదలకుండా ఉండొచ్చు. బిల్డరు చేతులెత్తేసి పోతే మిగిలిపోయిన వాచ్‌మన్ కుటుంబం ఉండొచ్చు. అదే ఫ్లాటుని అగ్రిమెంటు మీద కొనుక్కున్న రెండో మనిషి ఉండొచ్చు. లేదా ఈ టమాటాల ఆవిడలాంటి కిరాయిదారు.

ఆవిడ కథ ఇది. కల్వకుర్తి వైపు ఊరు. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు పని, భర్త గోడౌన్లో లోడింగ్. ఫ్లాటు ఓనరు లోను మీద రెండు క్యాబులు కొని ఎయిర్‌పోర్టుకి తిప్పేవాడు. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరలేదు, ఎగరడం మొదలయ్యాక కూడా చాన్నాళ్ళు జనం లేరు. మారటోరియం ముగిసేనాటికి వడ్డీ మీద వడ్డీ పెరిగింది. ముందు కార్లు పోయాయి, తర్వాత ఇంటి వాయిదాలు ఆగాయి. నోటీసు వచ్చాక ఆయన ఫ్లాటుకి తాళం వెయ్యకుండా కిరాయికిచ్చి, నలభై వేలు అడ్వాన్సు తీసుకుని ఊరెళ్ళిపోయాడు. తలుపు మీది ప్రకటన చింపేసి మరీ ఇచ్చాడు. ఆవిడ దగ్గర స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు ఉంది, రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నా ప్రయోజనం లేదు. నోటీసు అందుకున్నాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని అమ్మడం, కిరాయికివ్వడం 13(13) సెక్షన్ ప్రకారం చెల్లదు.

సుప్రీంకోర్టు 2016లో ఒక కేసులో, కిరాయిదారుల రక్షణ చట్టాల కింద ఉన్నవాళ్ళని సర్ఫేసీ అడ్డదారిలో గెంటెయ్యడం కుదరదంది. 2019లో ఇంకో కేసులో ఆ గొడుగుని చిన్నది చేసింది. నోటీసు తర్వాత పుట్టిన కిరాయికి, రుజువులు లేని కిరాయికి ఆ రక్షణ లేదంది. కోర్టు వాదన అర్థం కానిదేం కాదు. లేకపోతే అప్పు ఎగ్గొట్టే ప్రతివాడూ బావమరిదిని కిరాయిదారుగా చూపిస్తాడు. అలా చూపించారు కూడా. కానీ ఆ గొడుగు చిన్నదయినప్పుడు తడిసింది బావమరుదులు మాత్రమే కాదు.

"మేం దొంగలం కాదు బిడ్డా. నెల నెలా కిరాయి కట్టినం. ఏడికి పోవాలె ఇప్పుడు? పోరనికి పరీక్షలున్నయ్" అందట ఆవిడ. చట్టం దృష్టిలో ఆవిడ అక్రమంగా ఉన్న మనిషి. నా దృష్టిలో మోసపోయిన మనిషి. రెండూ నిజమే కావడమే ఇక్కడి చిక్కు.

*

ఖాళీ ఇంట్లో అవసరం ఉన్నవాళ్ళు ఉంటే తప్పేంటి అనే ప్రశ్న మనకి కొత్త కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ళ కొరత 1.88 కోట్లని లెక్క తేల్చింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి తీసివేత చెయ్యడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. ఆ కొరతలో చాలా భాగం ఇల్లు లేనివాళ్ళది కాదు, ఒకే గదిలో కొత్త దంపతులు, ముసలివాళ్ళు ఇరుక్కుని బతికే ఇళ్ళది. ఖాళీ ఇల్లు ఉన్నచోట అవసరం ఉండకపోవచ్చు. శంషాబాద్ లాంటి చోట మాత్రం రెండూ ఒకే రోడ్డు మీద ఉంటాయి. సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. దాని చుట్టూ రేపు పెరగబోయే ధర కోసం కొని వదిలేసిన ప్లాట్లు, సగం కట్టిన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య రేకుల గదుల్లో ఎయిర్‌పోర్టుని ఊడ్చి తుడిచే జనం.

అమెరికాలో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బ్యాంకులు జప్తు చేసిన ఇళ్ళు వీధుల కొద్దీ ఖాళీగా పడి ఉంటే, మయామీలో టేక్ బ్యాక్ ద ల్యాండ్ అనే బృందం నిలువ నీడ లేని కుటుంబాల్ని వాటిలోకి బహిరంగంగా చేర్చింది. ఇంకోవైపు బ్రిటన్ 2012 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో నివాస గృహాల్లో స్క్వాటింగ్‌ని నేరం చేసింది. ఫ్లోరిడా 2024లో అలాంటివాళ్ళని పోలీసులే వెంటనే బయటికి పంపేలా చట్టం చేసుకుంది.

మన దగ్గర దీనికి పేరు గుడిసెలు వెయ్యడం. ఎర్రజెండా పాతి, వందల మంది ఒకేసారి పగటిపూట వెళ్ళి ప్రభుత్వ భూమిలో గుడిసెలు వేసేవాళ్ళు. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో జరిగిన పోలీసు కాల్పులు అలాంటి భూపోరాటం మధ్యలోనివే. ఏడుగురు చనిపోయారు. ఆ పోరాటంతో ఏకీభవించినా లేకపోయినా ఒకటి గమనించాలి. అక్కడ ఎవరూ దాక్కోలేదు. "ఇది నాది కాదని తెలుసు, నాకు అవసరమని మీ అందరి ముందూ చెప్తున్నా" అనడం వేరు. దొంగ కాగితాలు పుట్టించి అర్ధరాత్రి ప్రహరీ కట్టడం వేరు.

చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇంకొకరి ప్రైవేటు ఆస్తిని పన్నెండేళ్ళు, ప్రభుత్వ ఆస్తిని ముప్ఫై ఏళ్ళు అనుభవిస్తే, అసలు యజమాని ఊరుకుంటే, అతని హక్కు అంతరించిపోతుంది. దానికి షరతు ఏమిటంటే ఆ అనుభవం బహిరంగంగా, యజమానికి తెలిసేలా, ఆగకుండా సాగాలి. దాక్కున్నవాడికి ఈ వెసులుబాటు లేదు. సుప్రీంకోర్టు 2008లో ఈ సూత్రం నిజాయితీ గల యజమానికి అన్యాయం చేస్తోందని, దీన్ని మళ్ళీ ఆలోచించమని ప్రభుత్వాన్ని కోరింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చక్కర్లేదు అంది. ఇంకో చట్టం, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్, ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఎవరినైనా చట్టప్రకారం కాకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోపు కోర్టుకెళ్ళి వాళ్ళు స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు, ఆస్తి ఎవరిదన్న వాదనతో పని లేకుండా. ఇల్లు నీదే కావచ్చు, అయినా లోపల ఉన్నవాడి మెడ పట్టుకునే చెయ్యి నీది కాకూడదు అని ఆ సెక్షన్ అర్థం.

మన పహాణీలో కూడా ఒకప్పుడు పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ గడి పోయింది. యజమానులకి అదొక భరోసా అన్నారు ప్రభుత్వంవాళ్ళు, కౌలుదార్లని లేనట్టు చేసెయ్యడమన్నారు వ్యతిరేకించినవాళ్ళు. పొలంలోనైనా ఫ్లాటులోనైనా కాగితానికి అక్కడున్న మనిషి కనిపించాలా వద్దా అన్నదే తగువు.

*

ఇక గుమ్మానికి ఇటువైపు నిలబడ్డ మనిషి.

1986 జులై 28న లండన్‌లో సూజీ లాంప్లూ అనే పాతికేళ్ళ ఎస్టేట్ ఏజెంటు ఫుల్హామ్‌లో ఒక ఇల్లు చూపించడానికి వెళ్ళింది. డైరీలో కస్టమరు పేరు మిస్టర్ కిప్పర్ అని రాసుకుంది. మళ్ళీ కనిపించలేదు. 1993లో చనిపోయినట్టు ప్రకటించారు. ఆమె తల్లిదండ్రులు పెట్టిన ట్రస్టు ఒంటరిగా పనిచేసేవాళ్ళ భద్రత గురించి ఇప్పటికీ పనిచేస్తోంది. ఇల్లు చూపించడమనే పనిలో ఉన్న ప్రమాదం ఇంతే: ముక్కూమొహం తెలియని మనిషితో, గోడలు తప్ప సాక్షులు లేని చోటికి, నవ్వుతూ వెళ్ళాలి. వేలం ఇళ్ళ ఏజెంటుకి ఇంకో ప్రమాదం అదనం. లోపల ఎవరున్నారో కూడా తెలియదు.

మన దగ్గర 2016 రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలంది, కొనేవాణ్ణి మోసం చెయ్యకూడదంది. మంచిదే. ఏజెంటు పంపిన అమ్మాయికి ఏమైనా అయితే ఎవరిది పూచీ అన్నది ఆ చట్టం చూడాల్సిన విషయం కాదు, చూడలేదు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం మాత్రం పని మీద వెళ్ళే ఏ చోటైనా పనిచేసే చోటే అంటుంది. అంటే ఆ మూడో అంతస్తు ఫ్లాటు మా చెల్లి ఆఫీసే. ఆ విషయం తన ఆఫీసులో ఎవరికీ తెలిసినట్టు లేదు.

శంషాబాద్‌లో ఆడవాళ్ళ భద్రత అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒకటే. 2019 నవంబరు 27 రాత్రి, తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర. మనం దిశ అని పిలుచుకుంటున్న ఆ వెటర్నరీ డాక్టరుని లాక్కెళ్ళింది పక్కనే ఉన్న ఖాళీ జాగాలోకి. తర్వాత ఏం జరిగిందో తెలుసు. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పూలు చల్లారు. వాళ్ళని చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ రోజు పూలు చల్లిన మనం ఆ హైవే పక్కన కొని వదిలేసిన ఖాళీ జాగాల గురించి, వెలగని దీపాల గురించి, వాటి యజమానుల బాధ్యత గురించి ఎంతసేపు మాట్లాడుకున్నాం? ఖాళీతనం దానంతటది నేరం చెయ్యదు. కానీ నేరానికి చోటిస్తుంది, ఆ చోటుకి యజమాని ఉంటాడు.

మా చెల్లి భయం ఊహ కాదని చెప్పడానికే ఇదంతా. తను టమాటాల ఆవిణ్ణి చూసి భయపడింది, ఇంకో రోజు ఆ తలుపు వెనక నిజంగానే భయపడాల్సినవాడు ఉండొచ్చు. అప్పుడు తను "నేను పేదవాళ్ళ పక్షం" అనుకుంటూ ఊరుకోవాలని నేను చెప్పలేను.

*

ఇప్పుడు నా వాటా.

మా నాన్న 2006లో, విమానాశ్రయం కడుతున్నప్పుడు, శంషాబాద్ దగ్గర ఒక వెంచరులో 200 గజాలు కొన్నాడు. మాకున్న ఏకైక పెట్టుబడి అది. నా చదువుకి అమ్ముదామనుకున్నారు, అమ్మలేదు. 2014లో ఒకసారి వెళ్ళి చూస్తే అందులో రేకుల షెడ్డు ఉంది. పక్క సైటులో పనిచేసే మేస్త్రీ కుటుంబం. మేం కారు దిగకుండానే తిరిగొచ్చాం. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. వెంచరు తాలూకు బ్రోకరుకి ఫోన్ చేస్తే "మీరు రాకండి సార్, నేను చూసుకుంటా, ఖర్చులకి పాతిక వేలు పంపండి" అన్నాడు. పంపాం. వారం తర్వాత ఖాళీ ప్లాటు ఫొటో పంపాడు. షెడ్డు లేదు. నేల మీద పొయ్యిరాళ్ళ మసి మాత్రం కనిపిస్తోంది.

ఎలా ఖాళీ చేయించాడని మేం అడగలేదు. ఒక్కడే వెళ్ళాడా, ఎవరినైనా వెంట తీసుకెళ్ళాడా, డబ్బు వాళ్ళకిచ్చాడా, కొట్టాడా, తన్నులు తిన్నాడా? ఏదీ అడగలేదు. మేం కొనుక్కున్నది ఖాళీ ఫొటో ఒక్కటే కాదు, అడగక్కర్లేకపోవడం కూడా.

మా చెల్లి ఫోన్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇది. తనని ఆ ఫ్లాటుకి పంపినవాళ్ళ మీద నాకు కోపమొచ్చింది. పన్నెండేళ్ళ కింద మేం పంపిన బ్రోకరు పేరు కూడా నాకు గుర్తు లేదు.

బ్యాంకు వేలం ప్రకటనల్లో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది. ఆస్తిని "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏది ఉంటే అది" పద్ధతిలో అమ్ముతున్నామని. న్యాయపరంగా దాని అర్థం, లోపల ఎవరున్నా ఏ తగాదా ఉన్నా కొనేవాడే చూసుకోవాలని. కొనేవాడు ఏజెన్సీని చూసుకోమంటాడు. ఏజెన్సీ మా చెల్లిని పంపుతుంది. మా చెల్లి తలుపు కొడితే ఆ బరువు చివరికి టమాటాలు కోస్తున్న ఆవిడ మీద పడుతుంది. లాభం మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది, ప్రమాదం మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. అన్నిటికంటే కింది మెట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసి వణుకుతారు. ఆ మెట్ల పైనున్నవాళ్ళెవరికీ ఆ గుమ్మం ఎలా ఉంటుందో తెలియదు. మాకూ తెలియదు.

కాబట్టి చెల్లి ప్రశ్నకి నా జవాబు ఇది. మీరిద్దరూ ఒకరికొకరు భయపడక్కర్లేదు. కానీ మీ భయం నిజమే, అది వేరేవాళ్ళు మోయాల్సిన భయం. కాగితం మీద స్వాధీనం కావాలనుకున్నవాళ్ళే ఆ చోట జరిగేదానికీ పూచీ పడాలి. ఇది పెద్ద విప్లవమేం కాదు. అమ్మే ముందు బ్యాంకు తన మనుషుల్ని పగటిపూట ఇద్దర్ని పంపి లోపల ఎవరున్నారో కనుక్కోవడం, మోసపోయిన కిరాయిదారుకి ఇంకో ఇల్లు వెతుక్కునే గడువు, ఓనరు మింగిన అడ్వాన్సు గురించి ఫిర్యాదు చేసే దారి చెప్పడం, ఖాళీ అయ్యిందని తేలేదాకా ఏ ఏజెంటునీ ఒంటరిగా పంపకపోవడం. వీటికి ఖర్చవుతుంది. ఆస్తి ధరలో ఆ ఖర్చు కూడా కలవాలి. ఇన్నాళ్ళూ కలవలేదంటే అది లేదని కాదు, ఇంకెవరో చెల్లించారని.

దీనికి అడ్డం వచ్చే వాదన నాకు తెలుసు, మా ఇంట్లోనే ఉంది. "ఇలా మెత్తబడితే రేపు మన ప్లాటులో రౌడీలు దిగుతారు" అంటాడు నాన్న. డాలస్‌లో ఉన్న మా బావ ఉప్పల్‌లోని తన స్థలం గురించి ఇదే అంటాడు. వాళ్ళ భయం కూడా ఉత్తదేం కాదు. జీవితమంతా దాచుకున్నది పోగొట్టుకున్నవాళ్ళని నేనూ చూశాను. కానీ లోపల ఎవరున్నారో ముందు కనుక్కోమనడం రౌడీకి మేలు చెయ్యదు. రౌడీకి కావాల్సింది ఎవరూ చూడకపోవడమే. అవసరంలో ఉన్నవాడు పేరు చెప్తాడు, అగ్రిమెంటు చూపిస్తాడు, గడువు అడుగుతాడు. కబ్జాదారు నీ పేరు అడుగుతాడు. ఎప్పుడూ ఇంత తేలిగ్గా తేడా తెలుస్తుందని అనను. చూడ్డానికి వెళ్ళకపోతే మాత్రం ఎప్పటికీ తెలియదు.

*

మా చెల్లి ఫారంలో "ఖాళీ / నివాసం ఉన్నారు" అని రెండు గళ్ళుంటాయి. అంతకు ముందు ఎవరో ఖాళీ అని టిక్కు పెట్టిన చోట తను కొట్టేసి, "కిరాయిదారు కుటుంబం, స్కూలు పిల్లాడు, ఏప్రిల్ దాకా గడువు అడుగుతున్నారు" అని రాసింది. ఫొటోలు తియ్యలేదు. మేనేజరు "నీకెందుకమ్మా ఈ సోషల్ సర్వీసు, రేటు పడిపోతది" అన్నాడట. ఆ నెల ఇన్సెంటివ్ రాలేదు. తర్వాత సైటుకి ఇద్దరం వెళ్తామని తను, ఇంకో అమ్మాయి కలిసి మెయిలు పెట్టారు. జవాబు రాలేదు గానీ ఇద్దరే వెళ్తున్నారు.

ఆవిడకి ఏప్రిల్ దాకా గడువు దొరికిందో లేదో నాకు తెలియదు. ఆ ఫ్లాటు ఫైలు వేరే ఏజెన్సీకి మారిందని మాత్రం చెప్పింది.

నేను నాన్నని ఒకటి అడిగాను, ఆ బ్రోకరు నంబరు ఇంకా ఉందా అని. ఎందుకని అడిగాడు. ఆ షెడ్డువాళ్ళు ఎలా వెళ్ళారో తెలుసుకోవాలని ఉందన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. "నేనూ అప్పుడే అడగాల్సింది" అని, పాత డైరీలు వెతకడానికి లోపలికి వెళ్ళాడు.